జడ ముందు, ముఖం తర్వాత

కూచిపూడి వాళ్ళ భామాకలాపంలో సత్యభామ కంటే ముందు ఆమె జడ సభలోకి వస్తుంది. ఇద్దరు మనుషులు అటొకరూ ఇటొకరూ తెర పట్టుకుని నిలబడతారు. వెనక గజ్జెల చప్పుడు వినిపిస్తుంటుంది, మనిషి మాత్రం కనిపించదు. అంతలో తెర పైఅంచు మీదుగా పొడుగాటి జడ ఇవతలికి వచ్చి పడుతుంది. నాగుపడగ, సూర్యుడు, చంద్రుడు, వరసగా బిళ్ళలు, కొసన కుచ్చులు. ఆ నగల్లో లోకాలున్నాయనీ నక్షత్రాలున్నాయనీ కూచిపూడి పెద్దలు వివరించి చెప్తారు. ఆ వివరం తెలియకపోయినా, అది సవాలని మాత్రం ఎవరికైనా తెలిసిపోతుంది. సభలో నాట్యం తెలిసినవాళ్ళు, శాస్త్రం చదివినవాళ్ళు ఎవరైనా సరే లేచి నన్ను ఓడించండి, ఓడితే ఈ జడ కోసుకుపొండి అని పందెం.

ఆ పందెం కాసిన మనిషి తెర వెనక ఎలా ఉన్నాడో ఎవరికీ తెలీదు. తొలిసారి వేషం కట్టిన కుర్రాడు కావచ్చు. నోరు ఎండిపోతుండవచ్చు. మొదటి మాటే గుర్తు రావడం లేదేమో. అయినా జడ తెర మీద దర్జాగా వేలాడుతూనే ఉంటుంది. జడకి చెమట పట్టదు.

ధైర్యం లేకపోయినా ఉన్నట్టు నటించు, నటించగా నటించగా అదే వస్తుంది అనే సలహా ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలవాళ్ళు చెప్తారు, ఇంటర్వ్యూలకి తర్ఫీదు ఇచ్చేవాళ్ళు చెప్తారు. ఎలా నటించాలో మాత్రం చెప్పరు. నడుం నిటారుగా పెట్టు, కళ్ళలోకి చూడు అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. కృష్ణా జిల్లా మొవ్వ పక్కనున్న కూచిపూడి అనే చిన్న ఊళ్ళో ఆ పని ఎలా చేయాలో తరతరాలుగా, పూసగుచ్చినట్టు నేర్పుతూ వచ్చారు. భామా ప్రవేశంలోని ఆ పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

భామాకలాపం రాసినవాడు సిద్ధేంద్ర యోగి. 17వ శతాబ్దం వాడని ఎక్కువమంది అంటారు. అత్తవారింటికి బయల్దేరి కృష్ణానది దాటుతుంటే వరద ముంచుకొచ్చిందనీ, ఆపత్సన్యాసం పుచ్చుకుని బతికి బయటపడ్డాడనీ, ఆ తర్వాత కృష్ణుడి మీద మనసు నిలిపి ఈ కలాపం కట్టాడనీ చెప్పుకుంటారు. ఆ పక్కనే ఇంకో మాట కూడా ఉంది. కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ బతుకులో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆయన ప్రమాణం చేయించుకున్నాడట. ఐతిహ్యంలో ఎంత కలిపారో, ఎంత తీశారో అటుంచండి. ఆ ఏర్పాటులోని తెలివి చూడండి. నీకు ధైర్యం ఉందా, నీకిది నప్పుతుందా అని కుర్రాణ్ణి ఎవరూ అడగరు. మీ నాన్న కట్టాడు, మీ తాత కట్టాడు, ఇప్పుడు నీ వంతు. సిగ్గరి పిల్లవాడికి ఇంతకంటే ఊరట ఏముంటుంది? తనకి తానుగా ముందుకొచ్చి గొప్పలు చెప్పుకోవాల్సిన పని లేదు. ఊరే వాడి చేత గొప్పలు చెప్పిస్తుంది.

పైగా చెప్పించేది ఎవరి గొప్పలు! సత్యభామవి. తెలుగువాళ్ళకి సత్యభామ అంటే పురాణంలో ఎనిమిది మంది పట్టపురాణుల్లో ఒకతె అని సరిపెట్టుకోలేం. పోతన ఆమె చేత నరకాసురుడి మీదికి విల్లు ఎత్తించాడు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో కృష్ణుణ్ణి తన్నించాడు. నాటకాల్లో స్థానం నరసింహారావు, సినిమాల్లో జమున ఆమెకి కట్టిన రూపాలు ఇప్పటికీ జనం కళ్ళల్లో ఉన్నాయి. కాస్త బెట్టు చేసే పిల్ల కనిపిస్తే అదో సత్యభామ అనేస్తాం. అంత ఠీవిని ఎరువు తెచ్చుకోవాలంటే ఇంతకంటే ఘనమైన ఇల్లు తెలుగులో దొరకదు.

ఇక ప్రవేశం. దీని అల్లిక ఎంత గట్టిదో తెలియాలంటే ఏది ముందు కనిపిస్తుందో, ఏది తర్వాత కనిపిస్తుందో ఆ వరస గమనించాలి. మొదట సూత్రధారి గొంతు. వచ్చేది ఎవరో, ఎలాంటిదో ఆయన ముందే సభకి చెప్పేస్తాడు. అంటే వేషధారి నోరు తెరవకముందే పరువు ఏర్పడిపోయింది. తర్వాత జడ. తర్వాత తెర కింద కదిలే పాదం, తాళానికి పలికే గజ్జె. తర్వాత తెర అంచు పట్టుకున్న వేళ్ళు. ఆ పైన ఒక పక్క నుంచి అర ముఖం, క్షణంలో మాయం. అన్నీ అయ్యాక తెర తొలగి నిండు ముఖం.

భయం అందరికంటే ముందు ముఖంలో బయటపడుతుంది. అందుకే ముఖాన్ని ఆఖరున పెట్టారు. అది బయటికి వచ్చేసరికి పాదాలు తాళంలో పడిపోయి ఉంటాయి, ఒళ్ళు వేడెక్కి ఉంటుంది. చేతులకి కూడా పని ఇచ్చారు. వేదిక ఎక్కిన కొత్తవాణ్ణి అడగండి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చచ్చానంటాడు. ఇక్కడ ఒక చేతికి తెర అంచు ఉంది, తెర పోయాక జడ కొస ఉంది, రెండో చెయ్యి నడుం మీద. వణికే చేతికి పట్టుకొమ్మ ఇచ్చి, దాన్నే విలాసంగా మార్చేశారు.

పాత రోజుల్లో ఇదంతా గుడి ముందో వీధిలోనో దివిటీల వెలుగులో జరిగేది. పాత్ర వచ్చే వేళకి దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవాళ్ళు. మంట భగ్గున లేచి వేషం ఒక్కసారిగా ధగధగలాడేది. చూసేవాళ్ళ కోసమే చేసినా, ఆ వెలుగు వేషధారికీ మేలు చేసి ఉంటుందని నాకు అనిపిస్తుంది. కళ్ళ ముందు అంత మంట లేచినప్పుడు ఎదురుగా కూర్చున్న ముఖాలు ఏం కనిపిస్తాయి?

తెర తొలగాక ప్రవేశ దరువు. దరువంటే పాత్ర తనను తాను పరిచయం చేసుకునే పాట. కూచిపూడి పాత పద్ధతిలో వేషధారి ఆడుతూ తానే పాడాలి. భైరవి రాగంలో సాగే ఈ దరువులో సత్యభామ తన పేరు ఒకసారి చెప్పి ఊరుకోదు. పల్లవికి వచ్చినప్పుడల్లా మళ్ళీ చెప్తుంది. నేనెవరనుకున్నారు, భామల్లో భామని అనే ధోరణి. మొదటిసారి పాడినప్పుడు ఆ పేరు వేషధారికి ఇంకా వదులుగానే ఉంటుంది. పల్లవి నాలుగైదు సార్లు తిరిగాక, మధ్యలో జతులు పడ్డాక, అదే పేరు గొంతులో ఇంకోలా పలుకుతుంది. ఊపిరి సంగతి కూడా ఉంది. భయపడ్డ మనిషి పైపైన ఊపిరి తీస్తాడు. ఆ ఊపిరితో భైరవి పాడలేడు. పాట నిలబడాలంటే గుండెల నిండా పీల్చి మెల్లగా వదలాల్సిందే. అలా పాడే పనిలో పడ్డాక ఊపిరి దానంతట అదే దారికొస్తుంది.

నడక చూడండి. సత్యభామ నడకలో అందం అడుగులో ఎంత ఉందో ఆగడంలో అంత ఉంది. నాలుగడుగులు వేస్తుంది. అడుగుల వరసని ముగించే తీర్మానం పడుతుంది. ఠక్కున నిలబడుతుంది. మెడ ఒక రవ్వ పక్కకి కదులుతుంది, కంటి కొస నుంచి ఒక చూపు, గడ్డం వెంట్రుకవాసి పైకి. మళ్ళీ కదులుతుంది. బెదిరిన మనిషికి చేతకానిది సరిగ్గా ఇదే. వాడు ఆగలేడు. మాట తర్వాత మాట, అడుగు తర్వాత అడుగు తోసుకుంటూ ఎప్పుడు అయిపోతుందా అని పరిగెడతాడు. ఇక్కడ పరిగెడదామన్నా తాళం ఊరుకోదు. ఆగాల్సిన చోట ఆపుతుంది, ఆగినందుకు సభ చేత శభాష్ అనిపిస్తుంది. ఒకసారి ఆ శభాష్ విన్నాక రెండోసారి ఆగడానికి భయం ఉండదు.

ఈ నడకని 20వ శతాబ్దంలో వేదాంతం సత్యనారాయణ శర్మలా నడిచినవాళ్ళు లేరని చూసినవాళ్ళు చెప్తారు. 1935లో కూచిపూడిలో పుట్టాడు. అన్నగారు ప్రహ్లాద శర్మ దగ్గర, ఊళ్ళో పెద్దల దగ్గర నేర్చుకున్నాడు. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ. ఉష, శశిరేఖ, మోహిని వేషాలూ కట్టాడు గానీ, జనానికి ఆయన సత్యభామే. మగవాడు ఆడవేషం కట్టడంలో కొంత మరుగుపరిచే పని ఉంటుంది. భుజాల వెడల్పు కనిపించకుండా మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచడం, మెడ కదలికతో చూపుని పైకి లాగడం లాంటివి. ఆ పని తెలిసినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. శర్మగారి గొప్పతనం అంతటితో ఆగలేదు. ఉన్న రికార్డింగుల్లో చూసినా ఒక విషయం తెలుస్తుంది. ఆయన సత్యభామ ఎవరినీ ఒప్పించడానికి ప్రయత్నించదు. ఒప్పుకున్నారని ముందే అనుకుని మాట్లాడుతుంది. జడ కొస పట్టుకుని తిప్పేటప్పుడు దాని వంక చూడదు. మన వస్తువు ఎక్కడుందో మనకి తెలుసు కదా, దాన్ని చూసుకోవడం ఎందుకు? కొత్తవాళ్ళు జడ వంక చూస్తారు. అక్కడే దొరికిపోతారు.

ఇక్కడ అమెరికా సంగతి ఒకటి. 2010లో డేనా కార్నీ, ఏమీ కడ్డీ, ఆండీ యాప్ అనే ముగ్గురు పరిశోధకులు 42 మందితో ఒక ప్రయోగం చేశారు. కాసేపు ఠీవిగా, విశాలంగా కూర్చున్నా నిలబడ్డా మనసులో బలం వచ్చినట్టు అనిపిస్తుందనీ, ఒంట్లో హార్మోన్లు కూడా మారతాయనీ ప్రకటించారు. దీని మీద కడ్డీ ఇచ్చిన ప్రసంగం ప్రపంచమంతా మారుమోగింది. 2015లో వేరేవాళ్ళు 200 మందితో అదే చేసి చూస్తే హార్మోన్లలో మార్పేమీ కనిపించలేదు. బలంగా ఉన్నట్టు అనిపించడం వరకు నిజమేనని తేలింది. మరుసటి ఏడు కార్నీయే ఆ ఫలితాల మీద తనకి నమ్మకం లేదని చెప్పేసింది. కడ్డీ మాత్రం తన వాదన వదల్లేదు. వాళ్ళ తగువు తీర్చడం నా పని కాదు. కానీ రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకు నిలబడితే మనిషి మారిపోతాడనుకోవడం కూచిపూడి గురువు ఎవరికైనా నవ్వు తెప్పించేది. నడుం మీద ఆ చెయ్యి కుదురుగా నిలవడానికే ఆయన ఏళ్ళు పట్టిస్తాడు.

శరీరం ముందు, మనసు వెనక అనే వరస మాత్రం మన నాట్యశాస్త్రజ్ఞులకి కొత్తేమీ కాదు. నందికేశ్వరుడి అభినయదర్పణంలో ఆ క్రమం స్పష్టంగా ఉంది. చెయ్యి వెళ్ళిన చోటికి చూపు, చూపు వెంట మనసు, మనసు వెంట భావం, భావం వెంట రసం. నాట్యం నేర్చుకునే ప్రతి పిల్లా ఆ శ్లోకం వల్లెవేస్తుంది. అందులో మొదలు చెయ్యి. భావం నాలుగో మెట్టు. ముందు భావం తెచ్చుకుని తర్వాత చెయ్యి కదపమని ఎవరూ చెప్పలేదు. భావం రాలేదని చెయ్యి కదపకుండా కూర్చునే శిష్యుడికి గురువు చేతిలో తాళపు కర్రే జవాబు.

ఒంటరిగా ఇదంతా చేయమంటే ఎవరి వల్లా కాదు. అందుకే మాధవి ఉంది. నా దృష్టిలో భామాకలాపం కట్టుబాటులో అన్నిటికంటే తెలివైన పని మాధవి. సూత్రధారే మాధవి అవుతాడు. వేషం మార్చుకోడు, మీసాలుంటే మీసాలతోనే చెలికత్తె అయిపోతాడు. ఎవరమ్మా నువ్వు, ఎవరి కూతురివి, మీ ఆయన పేరేమిటి అని ఏమీ ఎరగనట్టు అడుగుతాడు. సత్రాజిత్తు కూతుర్నని ఈవిడ చెప్పాలి. మొగుడి పేరు మాత్రం నోటితో చెప్పడానికి సిగ్గు, గుర్తులు చెప్తుంది. అవి చాలవంటుంది మాధవి. సభ పగలబడి నవ్వుతుంది. ఈ సంభాషణ జరిగినంతసేపూ పక్కనున్నది కలాపం ఆసాంతం కంఠస్థం చేసిన పెద్దాయన. కుర్రాడు మాట మరిచిపోతే మాధవి ఇంకో ప్రశ్న వేసి ఆ మాట అందించవచ్చు. ఆయాసపడుతుంటే రెండు ఛలోక్తులతో ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వవచ్చు. మాధవి చేసే వెక్కిరింతంతా పైపైకే. పని మాత్రం వేషధారిని నిలబెట్టడం. సభకి అది తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ధైర్యం నటించమనే సలహాల్లో ఈ ముక్క ఎప్పుడూ జారిపోతుంది. నటన నిలబడాలంటే ఎదురుగా ఎవరో ఒకరు దాన్ని నిజమనుకున్నట్టు ప్రశ్నలు వేస్తుండాలి. అద్దం ముందు నిలబడి నేను గొప్పవాణ్ణి అనుకుంటే ఎంతసేపు అనుకోగలం? అద్దం తిరిగి ఏమీ అడగదు కదా. సత్యభామ కష్టాలు కూడా అద్దం దగ్గరే మొదలయ్యాయని కథ. ఇద్దరూ అద్దంలో చూసుకుంటుంటే మనలో ఎవరు అందంగా ఉన్నారని కృష్ణుడు అడిగాడట. నేనే అందిట ఈవిడ. ఆయన అలిగి వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి కలాపం రెండో దారి పడుతుంది. జడతో సభని సవాలు చేసినావిడ ఇప్పుడు విరహంతో కుంగిపోతుంది. లక్షణ గ్రంథాల లెక్కలో, మొగుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకున్న స్వాధీనపతిక ఎడబాటుతో తపించే విరహోత్కంఠిత అయింది. రాయబారం వెళ్ళి రమ్మని మాధవిని బతిమాలుతుంది. మాధవి ఊరికే వెళ్తుందా? నగలు కావాలంటుంది. ఒక్కొక్కటీ బేరమాడుతూ చివరికి ముక్కున ఉన్న ఆభరణం దగ్గరికొస్తుంది. అది ఇవ్వడం ముత్తైదువకి ప్రాణం మీదికొచ్చే పని. ఇస్తుంది. కూర్చుని కృష్ణుడికి లేఖ రాస్తుంది. అక్షరాలు ముందుకి సాగవు. ఆ నిటారు మెడ వాలిపోతుంది. ఇందాక విలాసంగా తిప్పిన జడే ఇప్పుడు వీపు మీద బరువులా పడి ఉంటుంది.

నటుడి పరీక్ష ఇక్కడ. ప్రవేశంలో ఠీవి పలికించడానికి తెర, దివిటీ, తాళం, జడ అన్నీ సాయం వచ్చాయి. ఇప్పుడు ఆ ఆసరాలన్నీ తీసేశారు. కదలకుండా కూర్చుని, గొంతు తగ్గించి, అంతమంది ముందు చిన్నబోవాలి. లోపల బెరుకు మిగిలి ఉన్నవాడు ఈ పని చేయలేడు. వాడు లేఖ రాసేటప్పుడు కూడా గడ్డం పైకెత్తే ఉంచుతాడు, ఏడుపులో కూడా దర్జా వదలడు. దించితే మళ్ళీ ఎత్తలేనని భయం. పాత్ర మీద పట్టు దొరికినవాడు ధీమాగా కుప్పకూలుతాడు. తెర వెనక నోరెండిన కుర్రాడు నిజంగా సత్యభామ అయ్యాడా లేదా అన్నది ప్రవేశ దరువులో తేలదు, లేఖ దగ్గర తేలుతుంది.

కాలం మారింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక, అమ్మాయిలు ఈ పాత్రని తమది చేసుకున్నారు. వాళ్ళలో శోభానాయుడి పేరు ముందు చెప్పాలి. అనకాపల్లిలో పుట్టి, చినసత్యం గారి దగ్గర నేర్చుకుని, 2020లో పోయేదాకా సత్యభామ అంటే ఆమె అనిపించుకుంది. మగవాడు ఆడదాని ఠీవి ఎరువు తెచ్చుకోవడం ఒక ఎత్తు. అణకువగా ఉండమని చిన్నప్పటి నుంచి చెప్పించుకున్న ఆడపిల్ల వెయ్యిమంది ముందు జడ విసిరి నన్ను మించినది లేదనడం ఇంకో ఎత్తు. రెండోది చూసి ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది అమ్మాయిలు మెడ కాస్త నిటారుగా పెట్టి ఉంటారో ఎవరు లెక్కగట్టగలరు? ప్రమాణం చేయించుకున్న యోగి ఈ మలుపు ఊహించి ఉండడు.

నాకున్న ఫిర్యాదల్లా ఒకటే. రాత్రంతా సాగిన కలాపం గంటన్నరకి వచ్చింది, సరే, కూర్చునేవాళ్ళకి ఓపిక లేదు. ఇప్పుడు స్కూలు వార్షికోత్సవాల్లో, అమెరికా తెలుగు సంఘాల వేదికల మీద ప్రవేశ దరువు ఒక్కటే ఐటెంలా మిగిలింది. రికార్డు పెడతారు. పిల్ల వచ్చి పది నిమిషాలు గర్వంగా తిరిగి వెళ్ళిపోతుంది. తెర లేదు, పాడాల్సిన పని లేదు, మాధవి అసలే లేదు. లేఖ ఊసే ఉండదు. ఎవరూ ప్రశ్న అడగని గర్వం అది, ఎక్కడా తల దించాల్సిన అవసరం రాని గర్వం. ఆ పిల్లలు బాగానే ఆడతారు, తప్పు వాళ్ళది కాదు. కానీ తెర వెనక నిలబడి తన జడని తనకంటే ముందు పంపించడం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియకుండా పోతోంది. మీ ఊరి ఉత్సవానికో, సంఘం పండగకో కూచిపూడి వాళ్ళని పిలిచే పని పడితే మాధవితో సహా రమ్మని అడగండి. పక్కవాద్యాలకి, పాడేవాళ్ళకి కాస్త ఖర్చవుతుంది. తెర పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు ఎలాగూ ఊళ్ళోనే దొరుకుతారు.